మీట నొక్కగానే మేలుకోవాలి

(సాయంకాల తెలుగు బడుల కార్యకర్తల కోసం హోసూరులో జరిగిన శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఈ వేదికపై మీరు చూసినప్పుడల్లా రాజ్యాంగంలోని అధికరణాల గురించో, ప్రభుత్వ ఉత్తర్వుల గురించో, న్యాయస్థానాల తీర్పుల గురించో మాట్లాడుతూ ఉంటాను. ఈరోజు వాటి జోలికి పోను. లాప్‌టాప్‌లోని నెట్‌వర్క్ కార్డు గురించి మాట్లాడతాను. నేను ఇంజనీరును కాను, న్యాయశాస్త్రం చదువుకున్నవాణ్ణి. అయినా ఈ విషయం నేనే చెప్పవలసి వస్తున్నది. ఎందుకంటే ఇందులో తప్పు చేసినవాణ్ణి నేనే, దాని ఫలితం అనుభవించినవారు మన పిల్లలు.

2023లో, ఇక్కడికి కొద్ది దూరంలోని ఒక పల్లెలో మన సాయంకాల బడికి నా కార్యాలయంలోని పాత లాప్‌టాప్ ఒకటి ఇచ్చాను. అందులో డెబియన్ లైనక్స్ నేనే ఎక్కించాను. వారానికి మూడు రోజులు, పదవీ విరమణ చేసిన ఒక తెలుగు పండితులు చిత్తూరులోని తమ ఇంటి నుంచి అంతర్జాలం ద్వారా పిల్లలకు పద్యాలు చెప్పేవారు. పన్నెండుగురు పిల్లలు ఆ తెర ముందు కూర్చునేవారు. అంతా బాగానే ఉన్నది, ఒక్కటి తప్ప. లాప్‌టాప్ తెరిచినప్పుడు వైఫై తనంత తానుగా మొదలయ్యేది కాదు. ప్రతిసారీ ఒక ఆదేశాన్ని టైపు చేసి, నిర్వాహకుని సంకేతపదం ఇస్తేగాని కార్డు కదిలేది కాదు. నేను ఆ ఆదేశాన్ని ఒక చీటీపై రాసి, అక్కడి ఉపాధ్యాయినికి నేర్పి, పని అయిపోయిందనుకున్నాను.

కొంతకాలానికి ఆ ఉపాధ్యాయిని పురిటికి పుట్టింటికి వెళ్ళారు. ఆమె స్థానంలో ఊరిలోని ఒక పెద్దావిడ బడి బాధ్యత తీసుకున్నారు. చీటీ ఎక్కడో పోయింది, సంకేతపదం ఆమెకు తెలియదు. మూడు వారాల పాటు పద్యాల తరగతి జరగలేదు. ఆ సంగతి నాకు ఫోను చేసి చెప్పడానికి ఆమె మొహమాటపడ్డారు. నేను వేరే పని మీద ఆ ఊరు వెళ్ళినప్పుడు, లాప్‌టాప్‌కు తువ్వాలు కప్పి అలమరలో పెట్టి ఉన్నది. ఆ పెద్దావిడ నన్ను ఒకే మాట అడిగారు: "నాయనా, మీరిచ్చిన పెట్టె మీరొస్తేనే లేస్తుందా?"

నేను సమాధానం చెప్పలేకపోయాను. ఆ మూడు వారాలలో ఇద్దరు పిల్లలు బడి మానేశారు. ఆ ఇద్దరిలో ఒకరు తరువాత తిరిగి వచ్చారు, ఒకరు రాలేదు.

ఆ రాత్రి అక్కడే ఉండి, ఈ కార్డు ఎందుకు తనంత తాను మేలుకోదో మొదటి నుంచి తెలుసుకోవాలని కూర్చున్నాను. తెలుసుకున్నది మీకు చెబుతాను. మీలో చాలామంది కేంద్రాలలో ఇటువంటి పాత యంత్రాలే ఉన్నాయి కనుక ఇది మీకు ఉపయోగపడుతుంది.

మిత్రులారా, మీట నొక్కిన క్షణం నుంచి అంతర్జాలం అందే వరకు యంత్రంలో కొన్ని అంచెలు ఉన్నాయి. న్యాయస్థానంలో దావా దాఖలు చేసినట్లే అనుకోండి. కాగితం రిజిస్ట్రీలో చేరాలి, దానికి నంబరు పడాలి, ఒక బెంచికి అప్పగించాలి, ఆపైన పిలుపు రావాలి. ఏ అంచెలో ఆగినా బయట నిలబడినవారికి కనిపించేది ఒక్కటే: కేసు పిలవలేదు. వైఫై కూడా అంతే. ఏ అంచెలో ఆగినా మనకు కనిపించేది "నెట్ రాలేదు" అన్నది మాత్రమే. అందుచేత అంచెల వారీగా అడగాలి.

మొదటి అంచె, గుర్తింపు. కెర్నెల్ అనబడే లైనక్స్ మూలభాగం కార్డును చూసిందా? టెర్మినల్ తెరిచి ఎల్, ఎస్, పీ, సీ, ఐ అనే అయిదు అక్షరాలు టైపు చేస్తే యంత్రం లోపల అమర్చిన కార్డుల జాబితా వస్తుంది. బయట గుచ్చే యూఎస్‌బీ వైఫై అయితే చివరి మూడక్షరాలకు బదులు యూ, ఎస్, బీ అని టైపు చేయాలి. జాబితాలో మీ కార్డు లేకపోతే అది వదులుగా ఉన్నదో, పాడయ్యిందో, బయోస్‌లో ఆపి ఉన్నదో చూడాలి. అక్కడ లేనిదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ మేల్కొలపలేదు.

రెండవ అంచె, డ్రైవరు. ప్రతి కార్డుకూ తయారీదారు సంఖ్య, నమూనా సంఖ్య ఉంటాయి. యూడెవ్ అనే సేవ ఆ సంఖ్యలను చూసి తగిన డ్రైవరును పిలుస్తుంది. ఇంటెల్ కార్డులలో చాలావాటికి ఐడబ్ల్యూఎల్‌వైఫై, ఎథిరోస్ పాత కార్డులలో అనేకానికి ఏటీహెచ్9కే, బ్రాడ్‌కామ్ పాత కార్డులకు బీ43. ఇది మామూలుగా మన ప్రమేయం లేకుండానే జరుగుతుంది. ఎవరో ఎప్పుడో ఆ డ్రైవరును నిషేధ జాబితాలో రాసి ఉంటే మాత్రం జరగదు. ఆ జాబితా 'ఈటీసీ' ఫోల్డరులోని 'మోడ్‌ప్రోబ్.డి' అనే ఉపఫోల్డరులో ఉంటుంది.

మూడవ అంచె, ఫర్మ్‌వేరు. చాలా కార్డుల లోపల ఒక చిన్న ప్రాసెసరు ఉంటుంది. దానికి కావలసిన కార్యక్రమాన్ని యంత్రం మొదలైన ప్రతిసారీ డ్రైవరు దానికి అందించాలి. ఆ ఫైలు లేకపోతే కార్డు కనిపిస్తుంది, డ్రైవరూ ఉంటుంది, అయినా పని జరగదు. ఇక్కడ న్యాయవాదిగా నన్ను ఆకర్షించిన చరిత్ర కొంత ఉన్నది, క్లుప్తంగా చెబుతాను.

లైనక్స్ మూలభాగాన్ని లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రకటించారు, 1992లో జీపీఎల్ అనే లైసెన్సు కిందకు తెచ్చారు. ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు అన్నది ఆ లైసెన్సు సారాంశం. అయితే కార్డుల ఫర్మ్‌వేరు మాత్రం తయారీ సంస్థల సొత్తు. బ్రాడ్‌కామ్ తన పాత కార్డుల వివరాలను వెల్లడించలేదు. అప్పుడు స్వచ్ఛంద కార్యకర్తలు రెండు జట్లుగా విడిపోయారు. ఒక జట్టు ఆ సంస్థ డ్రైవరును విప్పి చూసి, కార్డు ఎలా పనిచేస్తుందో వివరణ రాసింది. రెండవ జట్టు ఆ డ్రైవరును చూడకుండా, ఆ వివరణ ఒక్కటే ఆధారంగా కొత్త డ్రైవరు రాసింది. నకలు చేశారన్న అభియోగానికి తావివ్వకుండా పాటించే పద్ధతి ఇది. ఆ డ్రైవరు 2006లో లైనక్స్ 2.6.17లో చేరింది. 2010లో బ్రాడ్‌కామ్ తానే కొన్ని కొత్త కార్డులకు బహిరంగ డ్రైవరును విడుదల చేసింది. పాత కార్డుల ఫర్మ్‌వేరును పంచిపెట్టే అనుమతి మాత్రం లేకపోవడంతో, ఈనాటికీ దాన్ని వేరుగా దించుకోవలసి వస్తుంది.

డెబియన్‌వారు ఇటువంటి ఫర్మ్‌వేరును తమ ముఖ్య సంచికలో చేర్చకుండా చాలాకాలం నియమం పాటించారు. 2022లో సభ్యులు ఓటు వేసి, స్థాపక మాధ్యమంలో దాన్ని చేర్చవచ్చునని నిర్ణయించారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది అమలయ్యింది. అందుచేత మీ దగ్గర అంతకు ముందరి డిస్కు ఉంటే దాన్ని పక్కన పెట్టి కొత్తది తెచ్చుకోండి, సగం చిక్కులు తీరుతాయి. బ్రాడ్‌కామ్ పాత కార్డు ఉన్నవారు మాత్రం ఫర్మ్‌వేరు కోసం అంతర్జాలం కావాలి, అంతర్జాలం కోసం ఫర్మ్‌వేరు కావాలి అన్న సంకటంలో పడతారు. దానికి సులువైన మార్గం ఉన్నది. ఆండ్రాయిడ్ ఫోనును యూఎస్‌బీ తీగతో లాప్‌టాప్‌కు తగిలించి, ఫోనులో యూఎస్‌బీ టెథరింగ్ ఎంచుకోండి. యంత్రం దాన్ని తీగ నెట్‌వర్క్‌గా భావించి వెంటనే కలుస్తుంది. ఆ దారిన ఫర్మ్‌వేరు దించుకోవచ్చు.

నాలుగవ అంచె, రేడియో మీట. చాలా లాప్‌టాప్‌లకు వైఫైని ఆపే మీట పక్కనో, కీబోర్డులోనో ఉంటుంది. పిల్లల చేయి తగిలి అది ఆగిపోవచ్చు. 'ఆర్‌ఎఫ్‌కిల్' అన్న ఆదేశం ఆ సంగతి చెబుతుంది. 'సాఫ్ట్' అంటే సాఫ్ట్‌వేరు ఆపింది, 'హార్డ్' అంటే మీట ఆపింది అని అర్థం. మరొక సంగతి గమనించండి. యంత్రం ఆపేటప్పుడు రేడియో ఏ స్థితిలో ఉన్నదో సిస్టమ్‌డీ గుర్తుపెట్టుకుని, మరునాడు అదే స్థితిలో మొదలుపెడుతుంది. నిన్న సాయంత్రం ఆపివేసి వెళ్ళినవారు ఇవాళ "తనంతట రాలేదు" అని ఫిర్యాదు చేయడం నేను చూశాను.

అయిదవ అంచె, నిర్వాహకత్వం. నా తప్పు జరిగింది ఇక్కడే.

డెబియన్‌లో నెట్‌వర్క్‌ను నడపడానికి రెండు వ్యవస్థలున్నాయి. ఒకటి పాతది. 'ఈటీసీ'లోని 'నెట్‌వర్క్' ఫోల్డరులో 'ఇంటర్‌ఫేసెస్' అనే ఫైలును చదువుకుని అది నడుస్తుంది. ఆ ఫైలులో ఒక కార్డు పేరు ముందు 'ఆటో' అని రాసి ఉంటే, యంత్రం లేచేటప్పుడే ఆ కార్డును లేపుతుంది. రాసి లేకపోతే, ఎవరో చేతితో ఆదేశం ఇచ్చేదాకా కదలదు. రెండవది నెట్‌వర్క్‌మేనేజర్. 2004లో రెడ్‌హాట్ సంస్థ మొదలుపెట్టిన ఈ సేవ, తెర మూలన వైఫై గుర్తు చూపించి, తెలిసిన నెట్‌వర్క్ దొరకగానే కలుపుతుంది. ఈ రెంటి మధ్య డెబియన్‌లో ఒక నియమం ఉన్నది. ఇంటర్‌ఫేసెస్ ఫైలులో పేరు రాసి ఉన్న కార్డును నెట్‌వర్క్‌మేనేజర్ ముట్టుకోదు. "అది నా పరిధి కాదు" అని వదిలేస్తుంది.

నేనేం చేశానంటే, మొదట డెస్క్‌టాప్ లేకుండా డెబియన్ ఎక్కించి, పాత పుస్తకం చూసి ఆ ఫైలులో కార్డు పేరు, వైఫై సంకేతపదం చేతితో రాశాను. 'ఆటో' అన్న వరుస రాయలేదు. తరువాత డెస్క్‌టాప్ చేర్చాను, దానితో నెట్‌వర్క్‌మేనేజర్ కూడా వచ్చింది. పాత వ్యవస్థ 'ఆటో' లేదు కనుక లేపలేదు, కొత్త వ్యవస్థ పాత ఫైలులో పేరున్నది కనుక లేపలేదు. రెండు కార్యాలయాల మధ్య ఒక దస్త్రం ఎలా నిద్రపోతుందో నేను ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. నా చేతిమీదుగా అదే పని జరిగిందని ఆ రాత్రి తెలిసింది.

దానికన్నా ముందు మరొక పొరపాటు కూడా చేశాను. ఉపాధ్యాయిని టైపు చేసే ఆ ఆదేశాన్నే 'ఆర్‌సీ.లోకల్' అనే ప్రారంభ ఫైలులో రాసి పెడితే చాలుననుకున్నాను. కొన్ని రోజులు పనిచేసింది, కొన్ని రోజులు చేయలేదు. కారణం ఉన్నది. 2015లో వచ్చిన డెబియన్ 8 నుంచి ప్రారంభ బాధ్యత సిస్టమ్‌డీది. అది పనులన్నిటినీ ఒకదాని వెనుక ఒకటి కాక, వీలైనంతవరకు ఒకేసారి మొదలుపెడుతుంది. నా ఆదేశం నడిచే వేళకు కార్డు ఫర్మ్‌వేరు అందుకుని సిద్ధమైతే పని జరిగేది, కాకపోతే విఫలమయ్యేది. ఒక్కోనాడు పనిచేసే సవరణ, అసలు పనిచేయనిదానికంటె ప్రమాదకరం. అది మనను నమ్మించి మోసం చేస్తుంది.

'ఆటో' అన్న వరుస చేర్చితే సరిపోదా అని మీరడగవచ్చు. తీగతో ఒకేచోట ఉండే యంత్రానికి అది చక్కగా సరిపోతుంది. లాప్‌టాప్ అలా ఉండదు. బడి నుంచి ఉపాధ్యాయిని ఇంటికి, అక్కడి నుంచి మరొక ఊరికి వెళుతుంది. నెట్‌వర్క్ లేని చోట తెరిస్తే, దానికోసం వేచి ఉంటూ యంత్రం లేవడమే ఆలస్యమవుతుంది. పోగా, కార్డు పేరు కూడా స్థిరం కాదు. ఒకప్పుడు 'డబ్ల్యూలాన్0' అని ఉండేది. 2013 నుంచి సిస్టమ్‌డీ, కార్డు అమర్చిన స్థానాన్నిబట్టి 'డబ్ల్యూఎల్‌పీ3ఎస్0' వంటి పేరు పెట్టే పద్ధతి తెచ్చింది. డెబియన్‌లో 2017లో వచ్చిన 9వ సంచిక నుంచి కొత్త స్థాపనలకు ఇదే వాడుక. పాత పుస్తకం చూసి పాత పేరు రాస్తే, ఆ పేరుగల కార్డు యంత్రంలో ఉండనే ఉండదు.

అందుచేత చేయవలసింది ఇది. ఇంటర్‌ఫేసెస్ ఫైలుకు ముందుగా ఒక నకలు తీసి పెట్టండి. ఆ తరువాత అందులో వైఫై కార్డుకు చెందిన వరుసలను తొలగించండి. 'ఎల్ఓ' అన్న పేరుతో ఉన్న రెండు వరుసలు యంత్రం తనతో తాను మాట్లాడుకోవడానికి ఉద్దేశించినవి, వాటిని ఉంచండి. నెట్‌వర్క్‌మేనేజర్ సేవ ప్రారంభంలోనే మొదలయ్యేలా 'సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్' ఆదేశం ఇవ్వండి. యంత్రాన్ని మళ్ళీ మొదలుపెట్టి, తెర మూలన గుర్తు నొక్కి, మీ వైఫై ఎంచుకుని సంకేతపదం ఇవ్వండి.

చివరి అంచె ఒకటి మిగిలింది, దీన్ని చాలామంది మరచిపోతారు. ఆ నెట్‌వర్క్ అమరికలలో రెండు గడులు ఉంటాయి. ఒకటి, తనంత తానుగా కలవడం. రెండవది, యంత్రం వాడే అందరికీ అందుబాటులో ఉండడం. రెంటిలోనూ టిక్కు పెట్టండి. వైఫై సంకేతపదం ఒక్కరి తాళపుగుత్తిలో మాత్రమే దాచి ఉంటే, వారు లోపలికి వచ్చి దాన్ని తెరిచేదాకా నెట్ రాదు. అందరికీ అని పెడితే, అది నిర్వాహకుడు మాత్రమే చదవగల ఫైలులో ఉంటుంది, యంత్రం లేచేటప్పుడే పనికివస్తుంది. ఇందువల్ల మరొక మేలు కూడా ఉన్నది. కేవలం నెట్ కోసం నిర్వాహకుని సంకేతపదాన్ని చీటీ మీద రాసి నలుగురి చేతిలో పెట్టనవసరం లేదు. నేను చేసిన ఆ పని భద్రత దృష్ట్యా కూడా తప్పే.

ఇక పరీక్ష. ఒకసారి పనిచేస్తే సరిపోదు. పూర్తిగా ఆపి, అయిదుసార్లు తెరిచి చూడండి. మూత మూసి, నిద్రపుచ్చి, లేపి చూడండి. వేరొకరి ఖాతాతో తెరిచి చూడండి. అన్నిటికన్నా ముఖ్యం, లైనక్స్ అంటే ఏమిటో తెలియని మనిషి చేత తెరిపించి, మీరు గది బయట నిలబడండి. ఆ పెద్దావిడ చేత నేను అలాగే తెరిపించాను. మీట నొక్కారు, గుర్తు వెలిగింది, చిత్తూరు పండితుల ముఖం తెరపైకి వచ్చింది. ఆమె నన్ను పిలవలేదు. నాకు కావలసింది అదే.

మీ అందరికీ ఒక విన్నపం. ప్రతి కేంద్రంలోని యంత్రానికి ఒక కాగితం తయారుచేయండి. కార్డు ఏ కంపెనీది, డ్రైవరు పేరేమిటి, ఫర్మ్‌వేరు ఎక్కడి నుంచి తెచ్చారు, నెట్‌వర్క్ ఎవరి ఆధీనంలో ఉన్నది, మార్పు ఏ తేదీన చేశారు అన్నవి రాయండి. అది తెలుగులో రాయండి. యంత్రం చూపే హెచ్చరికలలో చాలా భాగం ఇంగ్లీషులోనే ఉంటుంది. డెస్క్‌టాప్‌ను తెలుగులో పెట్టుకున్నా, టెర్మినల్‌లో వచ్చే మాటలు అలాగే ఉంటాయి. కనుక ఏ హెచ్చరిక వస్తే ఏ అంచెను చూడాలో మన భాషలో ఉన్న కాగితమే మన తరువాత వచ్చేవారికి దారి చూపుతుంది. సంకేతపదాలు మాత్రం ఆ కాగితంపై రాయకండి.

న్యాయశాస్త్రంలో తీర్పు వేరు, అమలు వేరు. డిక్రీ చేతికి వచ్చాక కూడా అమలు కోసం మరొక అర్జీ పెట్టుకున్నవారిని ఎందరినో చూశాను. ప్రతి ఏడూ వెళ్ళి అడిగితేగాని అమలుకాని ఉత్తర్వు ఎటువంటిదో రాష్ట్రేతర తెలుగువారైన మీకు నేను వేరే చెప్పనక్కరలేదు. అడిగేవారు లేని ఏడు అది ఆగిపోతుంది. నేను ఆ బడికి ఇచ్చిన లాప్‌టాప్ కూడా అటువంటిదే. ఉన్నది, కాని అడగడం తెలిసినవారు ఉంటేనే ఉన్నది. అధికారుల నుంచి ఏది కోరుతున్నామో, మనం మన పిల్లలకు ఇచ్చేదానిలో కూడా అది ఉండాలి కదా.

ఈ శిబిరం ముగిసేలోగా, మీరు వెంట తెచ్చిన లాప్‌టాప్‌లను వెనుక గదిలో వరుసగా పెట్టండి. ఒక్కొక్కదాన్నీ అంచెల వారీగా చూద్దాం. సాయంత్రం వెళ్ళేటప్పుడు ప్రతి యంత్రంతో పాటు ఒక తెలుగు కాగితం కూడా మీ సంచిలో ఉండాలి.